మీ పాపకెన్నేళ్ళు?

జూన్ 4

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటని కంగారు పడకు. ఇక్కడందరం బాగానే ఉన్నాం. మొన్న నేను "డాన్స్ క్లాసు" అన్నానో లేదో నువ్వు ఫోన్ పెట్టేశావు. అంతకు ముందుసారి నేను పెట్టేశాను. మనిద్దరికీ ఫోన్ అచ్చిరాదు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడానికుండదు, చచ్చినట్టు చివరిదాకా చదవాలి. జవాబు కూడా రాసే పంపు. ఫోన్ చేస్తే ఎత్తను.

సంగతేంటంటే, పోయిన నెల లాబ్ నుంచి ఇంటికొస్తూ స్టేషన్ కింద ఉన్న సొరంగం దారిలో ఒకాయన డాన్స్ చేస్తుంటే చూశాను. జుట్టంతా నెరిసిపోయింది. పక్కన అరచేతంత స్పీకరు. పాటలో దెబ్బ పడ్డప్పుడల్లా ఆయన చెయ్యో మెడో ఛాతీయో ఠక్కున బిగుసుకుని వదిలేది, కరెంటు కొట్టినట్టు. అంతలోనే ఒళ్ళంతా నీళ్ళలా పారేది. నేనెక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది, దాని తర్వాతది కూడా వెళ్ళిపోయింది. అడిగితే దాన్ని పాపింగ్ అంటారని, వీధుల్లో పుట్టిన డాన్సని చెప్పాడు. "నేర్పుతారా?" అన్నాను. "నేను క్లాసులు చెప్పనండీ. మీ దగ్గర్లో ఏదైనా చూసుకుని ముందు మొదలుపెట్టండి" అని, స్పీకరు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

నాకది నేర్చుకోవాలనుంది. ఎందుకని అడక్కు. కళ్ళద్దాల షాపు పెట్టాలని నీకెందుకు అనిపించిందో నేనెప్పుడైనా అడిగానా?

సరే, దగ్గర్లో చూసుకుందామని బయల్దేరాను. మొదటిది జిమ్ము పైన. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ, "మీ పాపకెన్నేళ్ళు మేడమ్?" అంది. పాప కాదమ్మా, నేనే అన్నాను. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది. "మీకైతే బరువు తగ్గే బ్యాచ్ ఉంది" అంది. బరువు తగ్గాలని నేనన్నానా?

రెండోచోట మాస్టారికి పాపింగ్ అంటే ఏంటో కూడా తెలీదు. "అంటే పాపలకి నేర్పేదా మేడమ్?" అన్నాడు. నవ్వాలో చెంప మీద ఒకటివ్వాలో తెలియలేదు.

మూడోచోట స్కూలు హాల్లో క్లాసు. ట్రయల్ చూడండన్నారు. రెండో క్లాసు పిల్లల మధ్య నిలబెట్టారు. పిల్లలకి నాతో ఏ ఇబ్బందీ లేదు, ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుని "ఇలా కాదు, ఇలా" అని సరిచేసింది కూడా. గోడవార కుర్చీల్లో కూర్చున్న వాళ్ళ అమ్మలే ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. అయిపోయాక టీచరు పక్కకి పిలిచి, "పేరెంట్స్ ఇబ్బందిగా ఫీలవుతున్నారు. మీ పాపనెవరినైనా చేర్పించండి" అంది.

మీ పాపకెన్నేళ్ళని అడిగితే ఏం చెప్పాలో నాకు పెళ్ళైన కొత్తల్నుంచీ అలవాటే. కానీ డాన్స్ క్లాసులో కూడానా? ఒళ్ళు మండిపోతోందక్కా.

ఇంకా వెతుకుతాను. నువ్వొక్కటి చెయ్యి. మీ షాపు పక్కనే బూట్ల కొట్టుంది కదా, అడుగు నున్నగా ఉండే కాన్వాసు బూట్లు ఒక జత పంపు. ఇక్కడ దొరకట్లేదు.

బావని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు

*

జూన్ 12

మిడతా,

చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. బావకి చదివి వినిపిస్తే ఆయన నవ్వాడు. నవ్వడానికేముందని కసిరాను.

నలభై ఆరేళ్ళొచ్చాయే నీకు. పోయినేడు భుజం పట్టేసి నీ జడ నువ్వు వేసుకోలేకపోయావు. నేనొచ్చి నెల్లాళ్ళు వేశాను, గుర్తుందా? ఇప్పుడు కరెంటు కొట్టినట్టు ఎగరాలా? చిన్నప్పుడు మంచం మీంచి మంచం మీదకి దూకుతుంటే అమ్మ నీకు మిడత అని ఊరికే పేరు పెట్టిందా? ఆ బుద్ధి ఇంకా పోలేదు.

అది కాదు నా బాధ. నువ్వేదో దాస్తున్నావు. పదో క్లాసులో లెక్కలు పోయినప్పుడు ముందు జుట్టు కత్తిరించుకుని ఇంటికొచ్చావు. అందరం జుట్టు గురించి తిడుతుంటే మార్కుల సంగతి వారం తర్వాత బయటపడింది. ఇప్పుడూ అలాగే ఉంది. మీ ఆయనా నువ్వూ బాగానే ఉన్నారా? లాబ్‌లో ఏమైనా జరిగిందా? మా షాపుకొచ్చే డాక్టరమ్మని మాటల్లో అడిగాను. ఇంట్లో పిల్లల అలికిడి లేకపోతే ఈ వయసులో మనసు ఇలాంటి వాటి మీదకి పోతుందని, తిట్టకుండా చూసుకోమని అంది. అందుకే తిట్టట్లేదు.

నువ్వు చెప్పిన బూట్లు కాదు, నడకకి మంచివి, మెత్తటివి పంపుతున్నాను. పొద్దున్నే నడువు. అంతకంటే ఏం కావాలి?

లోపల పెట్టుకోకుండా ఉన్నదున్నట్టు రాయి.

మీ అక్క

*

జూన్ 30

అక్కా,

బూట్లందాయి. రబ్బరు అడుగు. నేలకి బంకలా అతుక్కుంటాయి. మా వాచ్‌మన్ భార్యకిచ్చేశాను, ఆవిడ హాయిగా నడుస్తోంది.

నాకు పిల్లలు లేరని నువ్వు ఒక డాక్టరమ్మకి చెప్పి, ఆవిడ నన్ను చూడకుండానే నా మనసు ఎటు పోతుందో చెప్పి, అది నువ్వు నాకు రాసి, పైగా "అందుకే తిట్టట్లేదు" అన్నావు. తిట్టు అక్కా. తిడితే ఎక్కువ హాయిగా ఉండేది.

సరే, అది ఊరుకుందామనుకున్నాను. మా ఆయనకి కూడా రాశావట! "దాని ఒంట్లో ఏదో బాగాలేదు, నీకు చెప్పట్లేదు, ఒక కంట కనిపెట్టు మరిదీ" అని. ఆయన సంగతి తెలుసుగా, లిఫ్టు మెకానిక్ బుద్ధి. లిఫ్టులో ఏదైనా చిన్న చప్పుడొస్తే మొత్తం విప్పేసి చూసేదాకా నిద్రపోడు. వారం రోజులు నా వెనకాలే తిరిగాడు. నేను క్లాసుకెళ్తే కింద మెట్ల మీద కూర్చున్నాడు. ఏ స్కానింగ్ సెంటరుకో వెళ్తున్నాననుకున్నాడట. చివరికి ఒకరోజు పైకొచ్చి, నన్నద్దం ముందు చూసి, "ఇదా?" అని అక్కడే కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకే తెలియలేదు. ఇంకోసారి ఆయనకి అలాంటి ఉత్తరం రాస్తే ఊరుకోను.

అవును, క్లాసు దొరికింది. టైర్ల షాపు పైన రెండో అంతస్తు. మాస్టారు ఎప్పుడూ టోపీ తియ్యడు, అందుకని అందరూ క్యాప్ మాస్టర్ అంటారు. పాపకెన్నేళ్ళని అడగలేదు. "రండి, వెనక నిలబడండి" అన్నాడు, అంతే. అందరూ ఇరవై లోపు వాళ్ళు. ఫరవాలేదు.

మొదటి పాఠం హిట్. కండరాన్ని బీటు మీద బిగించి, వెంటనే వదలాలి. పిల్లలు నానా అవస్థా పడ్డారు. లాబ్‌లో రక్తం తీస్తూ పొద్దుట్నుంచీ సాయంత్రందాకా నేను అనేదేంటి? పిడికిలి బిగించండి, ఆ, వదలండి. అదే మాట నా చేతికి నేను చెప్పుకున్నాను. ఠక్కున పడింది! క్యాప్ మాస్టర్ పాట ఆపేసి, "ఆంటీ, మళ్ళీ చెయ్యండి" అన్నాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ పడింది.

పోయిన వారం నన్ను వెనక నుంచి తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టాడు. క్లాసు మొత్తం వీడియో తీస్తాడు, తప్పులు చూసుకోవడానికట. నిన్న పాట మొదట్నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చేశాను. నా జన్మలో అలాంటి రోజు ఒకటి వస్తుందనుకోలేదు. ఇంటికొచ్చి చెబుదామంటే ఆయన షిఫ్టులో ఉన్నాడు. నీకు ఫోన్ చెయ్యబోయి మానేశాను.

నీ చెల్లెలు

*

జూలై 14

మిడతా,

చూశాను.

నేనే కాదు, అందరూ చూశారు. మన కుటుంబం గ్రూపులో అందరూ చూశారు. షాపులో పని చేసే కుర్రాడు చూశాడు. కళ్ళజోడు సరిచేయించుకోవడానికొచ్చిన ఒకాయన కౌంటరు మీద ఫోన్ పెట్టి "ఇది చూశారా అమ్మా, భలే కామెడీ" అని నాకే చూపించాడు. నువ్వు చెయ్యి విసరగానే వెనక గాడిద అరిచినట్టు శబ్దం, నెత్తి మీద పిడుగు బొమ్మ. కింద "కరెంటు షాకు కొట్టిన ఆంటీ" అని రాశారు. తల కొట్టేసినట్టయింది.

ఎందుకు ఒప్పుకున్నావే? వద్దంటే మానేవాళ్ళు కదా! నలుగురూ చూడాలనే సరదా ఇంత ఉందా నీకు? నీ మొహం మీద ఎప్పుడూ చూడనంత వెలుగుంది అందులో. అది చూస్తేనే నాకు ఇంకా మండింది. వాళ్ళు నిన్ను ఆటబొమ్మని చేస్తుంటే మురిసిపోతున్నావు.

బావ ఆఫీసులో కూడా ఎవరో అన్నారట. ఆయన ఏమీ అనడు, నాకే సిగ్గు.

ఆ క్లాసు మానెయ్యి. ఈ ఉత్తరం అందిన రోజే మానెయ్యి.

మీ అక్క

*

జూలై 18

అక్కా,

నేను ఒప్పుకున్నానా? నన్నెవరడిగారని ఒప్పుకోవడానికి?

రక్తం ఇవ్వడానికొచ్చిన ఒకామె నా మొహం చూసి, "మీరు ఆ షాకు ఆంటీ కదూ!" అని చెయ్యి లాక్కుని ఫోన్ తీసింది. నేను మొట్టమొదట ఆ వీడియో చూడటం ఆవిడ ఫోన్‌లో. నేను తప్పు లేకుండా చేసిన పాట అది. ముక్కలు ముక్కలు చేసి, చెయ్యి విసిరిన చోట నాలుగుసార్లు తిప్పి తిప్పి చూపించి, గాడిదని పెట్టారు.

అటునుంచి అటే టైర్ల షాపుకెళ్ళాను. లాబ్ కోటు కూడా విప్పలేదు.

"ఏంటిది?" అన్నాను.

"ఆంటీ, మీరు వైరల్!" అన్నాడు క్యాప్ మాస్టర్. "మనకి ఎన్ని అడ్మిషన్లొచ్చాయో తెలుసా?"

"నాకు చెప్పకుండా ఎందుకు పెట్టావు?"

"ఊరికే సరదాకి. జనం మిమ్మల్ని ఎంత ఇష్టపడుతున్నారో కామెంట్లు చూడండి."

చూశాను. ఇష్టమట! తీసెయ్యమన్నాను. "రేపు చూద్దాం" అన్నాడు. వాడి ముందు అరవలేకపోయాను అక్కా. అరిస్తే దానికి కూడా ఏదో ఒక శబ్దం పెట్టి వదులుతాడనిపించింది. అక్కడ నిలబడి అరవకుండా ఉండటానికి ఎంత ఓర్పు కావాలో నీకు తెలీదు.

ఇంక అసలు సంగతి. నిన్న చిన్నాన్న కోడలు లాబ్‌కొచ్చింది షుగర్ టెస్టుకి. చెయ్యి చాపి కూర్చుని, "గ్రూపులో పెద్దక్క పెట్టింది చూసి ఇంట్లో పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాత నువ్వని తెలిసి అయ్యో అనుకున్నాం" అంది. సూది అప్పుడు నా చేతిలోనే ఉంది. ఆవిడ అదృష్టం బాగుంది, సరిగ్గా నరంలోనే దిగింది.

పెద్దక్క అంటే నువ్వేగా? "గ్రూపులో అందరూ చూశారు" అని రాశావు. ఎవరు చూపించారో రాయలేదేం? ఏ నవ్వు బొమ్మలు పెట్టి పంపావో కూడా చెప్పింది.

ఇంక నాకు రాయకు.

*

జూలై 21

సగం చదివాను. కళ్ళు తిరిగాయి. మిగతాది రేపు చదువుతాను.

మీ అక్క

*

జూలై 24

మిడతా,

రాయొద్దన్నావు. రాస్తాను. నువ్వు చదవకపోతే నీ ఇష్టం.

అవును, నేనే పంపాను. కానీ నువ్వని తెలిసి పంపానా? బుద్ధున్న మనిషెవరైనా అలా అనుకుంటారా? సగం మొహానికి పిడుగు బొమ్మ అడ్డం, జుట్టు పైకి కట్టి ఉంది, ఒంటి మీద ఏదో ఆకుపచ్చ టీషర్టు. నీ ఒంటి మీద టీషర్టు నేనెప్పుడైనా చూశానా? ఎవరో పిచ్చి ఆంటీ అనుకున్నాను. షాపు కట్టేసే వేళ, అలసిపోయి ఉన్నాను, నవ్వొచ్చింది, పంపాను. అందరూ చేసే పనే. ఇంటికొచ్చి బావకి చూపిస్తే ఆయన నవ్వలేదు. "ఆ చెయ్యి విసరడం చూడు. నన్ను తిట్టేటప్పుడు నువ్వు విసిరేది అచ్చం అదే. మీ చెల్లెలు కాదూ?" అన్నాడు. అప్పుడు చూశాను. వెంటనే గ్రూపులోంచి తీసేశాను. అప్పటికే అందరూ చూసేశారు.

నువ్వని తెలియక నవ్వాను. తెలిస్తే నవ్వుతానా? నీ మీద ఈగ వాలనిస్తానా నేను? నన్నింత మాటంటావా? జడలెయ్యడానికి కావాలి, సంతకాలకి కావాలి, ఆపరేషన్‌కి పక్కన కూర్చోవడానికి కావాలి, ఇప్పుడు మాత్రం ఇంక రాయకు!

తప్పు ఆ టోపీవాడిది. నా మీద పడతావేం?

మీ అక్క

*

జూలై 29

అక్కా,

అంటే నేను కాకపోతే నవ్వొచ్చన్నమాట.

ఎవరో పిచ్చి ఆంటీ అనుకున్నావు. ఆవిడకి అక్క ఉండదా? పోనీ, లేకపోతే ఏం?

ఇదంతా గొంతు చించుకుని చెప్పాలనుంది. రాస్తుంటే చల్లబడిపోతోంది, అందుకే త్వరగా తేల్చేసి మిగతా సంగతులు రాస్తున్నాను.

క్యాప్ మాస్టర్ క్లాసు మానేశాను. నువ్వన్నావని కాదు. మళ్ళీ వెతుక్కోవడానికి ఎక్కడికెళ్ళాలో తెలియక స్టేషన్ సొరంగం దారిలో నిలబడ్డాను. మూడు సాయంత్రాలు నిలబడితే ఆ నెరిసిన జుట్టాయన కనిపించాడు. పళ్ళ డాక్టరట. (డాక్టరంటే నీకు వెంటనే గౌరవం పుట్టి ఉంటుంది. అందుకు కూడా నాకు మంటగానే ఉంది.) నన్ను చూడగానే, "వీడియో చూశాను" అన్నాడు. అక్కణ్ణుంచి పారిపోదామనుకున్నాను.

"ఎడం చెయ్యి బాగా పడింది. ఛాతీ కాస్త వెనకబడుతోంది. మెడ అసలు కదలట్లేదేం?" అన్నాడు.

పోయినేడు భుజం పట్టేసిందని చెప్పాను.

"అయితే భుజం దగ్గర మొదలుపెడదాం. ఆదివారం పొద్దున్నే రండి. నేను క్లాసులు చెప్పను, అందరం కలిసి చేసుకుంటాం."

పెద్ద మార్కెట్ ఉంది కదా, దాని పార్కింగ్‌లో అన్నిటికంటే కింది అంతస్తు. ఆదివారం పొద్దున అక్కడ కార్లుండవు. సిమెంటు నేల నున్నగా ఉంటుంది. ఒక వకీలు, ఇద్దరు కాలేజీ వాళ్ళు, బేకరీలో చేసే ఒకావిడ, ఇంకా కొందరు వస్తారు. గుండ్రంగా నిలబడతారు. ఒకరు మధ్యలోకెళ్తారు, మిగతావాళ్ళు చూస్తారు. ఫోన్లు తియ్యరు. అందరూ ఆ వీడియో చూసినవాళ్ళే. ఒక్కళ్ళు కూడా ఆ మాట ఎత్తలేదు. నేను మధ్యలోకెళ్ళినప్పుడు నా చెయ్యి చూశారు, మోకాలు చూశారు, తప్పిన చోట "మళ్ళీ" అన్నారు.

నీకెలా చెప్పాలో తెలియట్లేదు. లాబ్‌లో నా ఎదుట కూర్చున్న ప్రతివాళ్ళూ మొహం పక్కకి తిప్పుకుంటారు. సూది చూడలేక. ఇన్నేళ్ళుగా నేను చూసేదంతా మనుషుల చెవులూ జుట్టూనే. ఆ వీడియోని లక్షమంది చూసి ఉండొచ్చు, అందులో నా డాన్సుని చూసింది వీళ్ళొక్కళ్ళే.

అందుకే వీడియో తీసెయ్యమని అడగడం మానేశాను. పాట మొత్తం, ముక్కలు చెయ్యకుండా, గాడిద లేకుండా పెట్టమని క్యాప్ మాస్టర్ వెంట పడుతున్నాను. అది అతని కెమెరాలో మాత్రమే ఉంది. మొదట కుదరదన్నాడు. పళ్ళ డాక్టరూ వకీలూ నాతో వచ్చి కూర్చున్నాక దారికొచ్చాడు. ఆగస్టు పదిహేనులోగా పెడతానన్నాడు. నవ్విన వాళ్ళంతా అది చూడాలి. నువ్వు కూడా.

కాబట్టి ఇందులో నువ్వేమీ చెయ్యొద్దు. వింటున్నావా? ఏమీ చెయ్యొద్దు.

చెల్లెలు

*

ఆగస్టు 9

మిడతా,

నీ ఉత్తరంలో మొదటి వాక్యం చదివి మడిచి సొరుగులో పడేశాను. ఇంక చదవడానికి ఏముంది? రాత్రంతా ఆ వాక్యమే. పొద్దున్న లేచి బావతో, "పద" అన్నాను. షాపుకి తాళం వేసి రైలెక్కాం.

టైర్ల షాపు పైకి ఆయాసపడుతూ ఎక్కాను. టోపీవాడు ఎదురొచ్చాడు. మా కాలనీలో ఆడవాళ్ళం ఒక గుంపు ఉన్నాం, అందరం చేరదామనుకుంటున్నాం అన్నాను. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు తెచ్చాడు. "మీ వయసు వాళ్ళకి భయమేం లేదండీ, ఇది చూడండి" అని ఫోన్ తీసి నీ వీడియోయే చూపించాడు! పక్కన పిల్లల్ని చేర్పించడానికొచ్చిన వాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళు నవ్వారు.

అప్పుడు లేచాను. "అది నా చెల్లెలు" అన్నాను. ఆ తర్వాత ఏమన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. బావ చెప్పడం ప్రకారం, కింద టైర్లు మార్చే వాళ్ళు పని ఆపి పైకొచ్చారట. పోలీసులన్నాను, కోర్టన్నాను, టోపీ తీసి మాట్లాడరా అన్నాను. తీశాడు. పాపం, బట్టతల. మా ముందే వీడియో తీసేశాడు. ఫోన్‌లో, కెమెరాలో, కంప్యూటర్లో నీది ఒక్క ముక్క మిగలకుండా అంతా చెరిపించాను. దగ్గర నిలబడి చెరిపించాను.

మీ ఇంటికి రాలేదు. నువ్వు రాయొద్దన్న దానివి, గుమ్మంలోకి రానిస్తావో లేదోనని అటునుంచి అటే స్టేషన్‌కి వెళ్ళిపోయాం.

ఇప్పుడు చెప్పు, నేను కాకపోతే ఇంకెవరు చేస్తారు నీకిది?

మీ అక్క

*

ఆగస్టు 14

అక్కా,

నా ఉత్తరం సొరుగులోంచి తియ్యి. మిగతాది చదువు.

చదివావా? ఇప్పుడు చెప్పు, నువ్వు దగ్గర నిలబడి చెరిపించిందేంటో.

పాట మొత్తం నేను తప్పు లేకుండా చేసింది ఒక్కసారే. ఆ తర్వాత మళ్ళీ కుదరలేదు, ఎప్పుడు కుదురుతుందో తెలీదు. అది ఆ కెమెరాలో ఒక్కచోటే ఉంది. వారంలో బయటికొచ్చేది. ఇప్పుడు లోకంలో నాది మిగిలింది జనం ఫోన్లలో తిరుగుతున్న ఆ గాడిద ముక్క ఒక్కటే. దాన్ని ఏ పోలీసూ చెరపలేడు. పంపిన వాళ్ళలో నువ్వున్నావు కాబట్టి నీకు తెలిసే ఉంటుంది.

క్యాప్ మాస్టర్ ఊరంతా చెబుతున్నాడు, ఆంటీ వాళ్ళక్క గూండాలతో వచ్చిందని. గూండా అంటే బావ! చేతిలో నీ హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని మూల నిలబడ్డాడట.

నా ఊరికొచ్చి, నా గొడవ నువ్వు పడి, నన్ను చూడకుండా వెళ్ళిపోయావు. నా పరువు కోసం వచ్చావా, నీ పరువు కోసం వచ్చావా? నాకోసమైతే ముందు నన్నడిగేదానివి.

మా ఆయన నీకు ఫోన్ చేస్తానంటే వద్దన్నాను. ఆయన కూడా మొదటిసారి ఇంట్లో గట్టిగా మాట్లాడాడు, నీ గురించే. నేను ఆపలేదు.

*

ఆగస్టు 27

మిడతా,

చదివాను. అక్షరం వదలకుండా చదివాను. ఒకావిడ ఫ్రేములు చూపించమంటే, రేపు రమ్మని పంపేశాను.

ఈ ఉత్తరం రాయకముందు ఫోన్లు చేశాను. గ్రూపులో పెట్టడం కాదు, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా. నేను పంపింది మా చెల్లెల్ది, అది డాన్స్, కామెడీ కాదు, మీ దగ్గరుంటే తీసేయండి, మీరెవరికి పంపారో వాళ్ళకీ చెప్పండి అన్నాను. కొందరు సరేనన్నారు. చిన్నాన్న కోడలు "ఇంత చిన్నదానికి అంత సీరియస్ ఏంటక్కా, సరదాకేగా" అంది. నోటికొచ్చింది అనేశాను. ఇంక ఆవిడ మనతో మాట్లాడదు. మొన్న మొన్నటిదాకా నేనూ అదే మాట అనేదాన్నని తెలుసు. అందుకే ఇంకా ఎక్కువ మండింది.

తర్వాత, ఆదివారం పొద్దుటి రైలుకి ఒక్కదాన్నే వచ్చాను. బావకి షాపు అప్పజెప్పాను. అడిగితే వద్దంటావని అడగలేదు. తిడితే తిట్టు.

కింది అంతస్తులో ఒక స్తంభం వెనక నిలబడ్డాను. నువ్వు ఒక మూల బేకరీ ఆవిడతో మాట్లాడుతున్నావు. మరిది స్పీకరు వైరు సరిచేస్తున్నాడు. మధ్యలోకి నువ్వెళ్ళినప్పుడు ఎవరైనా నవ్వుతారేమోనని అందరి మొహాలూ చూశాను. నవ్వితే వెళ్ళి కొట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ నవ్వలేదు.

నాకు డాన్స్ తెలీదు. చూసింది చూసినట్టు రాస్తాను. ముందు నీ వేళ్ళు కదిలాయి, అక్కణ్ణుంచి మణికట్టు, మోచెయ్యి, భుజం. ఏదో ఒంట్లోంచి నడుచుకుంటూ పోతున్నట్టు. పోయినేడు నేను పట్టుకుని లేపితే కెవ్వుమన్న భుజం అది. దాని మీంచి అలవోకగా అటు చేతిలోకి దాటిపోయింది. తర్వాత ఆగిపోయావు. పాట నడుస్తూనే ఉంది, నువ్వు మాత్రం ఆగావు. కంటి పరీక్షకి కూర్చున్న వాళ్ళని కదలొద్దంటే కూడా ఎవరూ అంత నిశ్చలంగా ఉండరు. మళ్ళీ దెబ్బ పడింది, నువ్వు కదిలావు. మధ్యలో ఒకచోట తప్పావనుకుంటాను. "మళ్ళీ" అని ఎవరో అన్నారు. నువ్వు మళ్ళీ చేశావు.

నేను నవ్వలేదు. నువ్వు కాకపోయినా నవ్వేదాన్ని కాదని రాయాలనుంది. అది నిజమో కాదో నాకే తెలియడం లేదు.

కెమెరాలోది పోయింది. దానికి నేనేం చెయ్యలేను. తలుచుకుంటే నా మీద నాకే పిచ్చి కోపంగా ఉంది.

మళ్ళీ ఆదివారం వస్తాను. ఈసారి చెప్పి వస్తున్నాను. అంతసేపు నిలబడితే నా మోకాళ్ళు లాగేశాయి, మరిదికి చెప్పి ఒక కుర్చీ వేయించు.

మీ అక్క

*

సెప్టెంబరు 1

అక్కా,

నిన్ను చూశాను. నేనే కాదు, అందరూ చూశారు. ఆ స్తంభం నువ్వనుకున్నంత లావుగా లేదు. "అటు హ్యాండ్‌బ్యాగ్ కనిపిస్తోంది, ఇటు కొంగు కనిపిస్తోంది, ఎవరండీ ఆవిడ?" అని వకీలు అడిగితే, మా అక్క అన్నాను. పిలవనా అన్నాడు. వద్దన్నాను.

నేను తప్పానన్నావే, అది నిన్ను చూసే. అప్పటిదాకా బాగానే ఉంది. నీ మొహం కనిపించగానే పళ్ళ కింద రాయి పడ్డట్టయి, బీటు జారిపోయింది. మళ్ళీ అందుకోవడానికి నీ వైపు చూడకుండా చేశాను. నీ మీద కోపంతోనే చేశాను. భుజం అంత బాగా ఎప్పుడూ తిరగలేదని డాక్టరు గారన్నారు.

కోపం పోలేదు. ఆ కెమెరాలోది తలుచుకున్నప్పుడల్లా వస్తుంది, ఇంకా చాలా రోజులు వస్తుంది. పోయాక నేనే చెబుతాను, నువ్వడక్కు. ఈలోగా పోయిందని అనుకుని ఇంట్లో చొరవ చెయ్యకు.

ఆదివారం పొద్దుటి రైలుకే రా. స్తంభం వెనక కాదు, ముందుకొచ్చి అందరితో పాటు నిలబడు. తప్పినచోట "మళ్ళీ" అను. అది అనడానికి డాన్స్ రానక్కర్లేదు.

కుర్చీ వేయించను. అక్కడ ఎవరూ కూర్చుని చూడరు.

నీ చెల్లెలు